మోకాలిలో మెనిస్కస్ (ఎముకల మధ్య ఉండే మెత్త) చినిగింది. కుట్టించుకోవాలా, తీయించేయాలా?

అరమండి_29, విజయవాడ

అందరికీ నమస్కారం. ఇక్కడ మొదటిసారి రాస్తున్నాను. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నాకు 29 ఏళ్లు. ఎనిమిదో ఏట నుంచి కూచిపూడి చేస్తున్నాను. ఇప్పుడు ఇంట్లోనే ముప్పై మంది పిల్లలకు నేర్పిస్తున్నాను. పదకొండు రోజుల క్రితం ఒక పాపకి చూపించడానికి ముళుమండిలో (మోకాళ్లు పూర్తిగా మడిచే భంగిమ) కూర్చుని, లేస్తూ ఎడమవైపు తిరిగాను. కుడి మోకాలి లోపల టక్కుమంది. ఆ క్షణంలో పెద్ద నొప్పి లేదు. కానీ కాలు చాపుదామంటే రాలేదు. తలుపు సందులో గుడ్డ ఇరుక్కుంటే తలుపు పూర్తిగా పడదు చూడండి, అలా ఆగిపోయింది. రాత్రికి మోకాలు వాచిపోయింది. వాపు ఇప్పుడు తగ్గింది గానీ కాలు ఇంకా నిటారుగా రావట్లేదు. మంచం మీద వెల్లకిలా పడుకుంటే మోకాలి కింద నా అరచెయ్యి నిలువుగా పడుతుంది.

ఎమ్మారై తీయించాం. లోపలివైపు మెనిస్కస్‌లో బకెట్ హ్యాండిల్ టేర్ ఉందట, చినిగిన ముక్క కీలు మధ్యలోకి మడతపడిందట. ఏసీఎల్ (మోకాలి మధ్యలో ఉండే లిగమెంటు) బాగానే ఉందన్నారు.

ఇద్దరు సర్జన్లకి చూపించాం. మొదటాయన "ఆ ముక్క తీసేస్తే వారంలో నడుస్తావమ్మా, నెలన్నరలో డాన్స్ చేసుకో" అన్నారు. రెండో ఆయన ఎమ్మారై బొమ్మలు ఒక్కొక్కటీ జరుపుతూ చాలాసేపు చూశారు. "బయటి అంచు దగ్గర చినిగినట్టుంది, చిన్న వయసు, కుట్టడానికి వీలుంటే కుడదాం. కానీ ఆరు వారాలు మోకాలికి బ్రేస్ పట్టీ, ఆరు నెలలదాకా డాన్స్ మాట ఎత్తకూడదు. అంతా చేశాక కూడా కుట్టు నిలవకపోవచ్చు" అన్నారు.

నా ఇబ్బందేంటంటే, సంక్రాంతికి ఏడుగురు పిల్లల గజ్జెపూజ పెట్టుకున్నాం. ఇంకా పది వారాలుంది. హాలుకి అడ్వాన్సు కట్టేశాం, పిల్లల తల్లిదండ్రులు బట్టలు కూడా కుట్టించేశారు. చివర్లో నేను తరంగం చెయ్యాలి, పళ్లెం మీద. అమ్మేమో "కత్తి పెడితే ఆ కాలు ఇక డాన్సుకి పనికిరాదు" అని రోజూ ఏడుస్తోంది. అత్తయ్య పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకోమంటోంది.

సంక్రాంతి అయ్యేదాకా ఫిజియోతో నెట్టుకొచ్చి, తర్వాత ఆపరేషన్ చేయించుకోవచ్చా? ఎవరైనా కుట్టించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. మళ్లీ అరమండి (మోకాళ్లు పక్కలకి సగం మడిచి నిలబడడం) వస్తుందా? నేల మీద కూర్చోగలనా?

గోదారిగట్టు, రాజమండ్రి

మా అమ్మకి గుజ్జు అరిగిపోతే మోకాల్లో ఇంజెక్షన్ వేశారండీ, ఏడాది బాగానే ఉంది. ఆపరేషన్ దాకా వెళ్లకుండా ముందు ఆ సంగతి అడగండి.

పీఈటీ_మాస్టర్, నంద్యాల

చెల్లెమ్మా, నేను నంద్యాల పక్కన జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. నాకు రెండు మోకాళ్లకూ ఈ ఆపరేషన్ అయింది. కుడికాలికి 2004లో తీసేసినారు. ఎడమకాలికి 2019లో కుట్టినారు. రెండు పద్ధతులూ ఒకే ఒంటి మీద చూసినవాణ్ణి కాబట్టి వివరంగా రాస్తాను. చెల్లెలివనుకొని నువ్వనే అంటాను, ఏమీ అనుకోవద్దు.

ముందు పైన రాసిన ఆయన మాట. గుజ్జు అరగడం వేరు, ఇది వేరు. మన దగ్గర మోకాల్లో ఏమయినా గుజ్జే అంటారు. గుజ్జంటే ఎముకల చివర నున్నగా ఉండే పూత. మెనిస్కస్ అంటే తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య ఉండే మెత్త. ప్రతి మోకాల్లో రెండుంటాయి, నెలవంక మాదిరి. బండి చక్రం దొర్లకుండా రాయి పెడతాం కదా, గుండ్రటి తొడ ఎముకకు చుట్టూ అట్ల ఒత్తు ఇచ్చేవి ఇవే. కాలు చాపి నిలబడినప్పుడు మోకాలి బరువులో సగందాకా ఇవే మోస్తాయంట. మోకాలు తొంభై డిగ్రీలు మడిచినప్పుడు ఎనభై అయిదు శాతం దాకా వీటి మీదనే పడుతుందంట. మోకాళ్లు మడిచి గంటలు గంటలు నిలబడే నీకు ఈ లెక్క ఎంత ముఖ్యమో నేను చెప్పనక్కర్లేదు. ఇంజెక్షన్‌తో మడతపడిన ముక్క వెనక్కి పోదు.

ఇక నా కత. 2004లో నాకు 24. కబడ్డీలో కూతకు పోయి గీత దగ్గర తిరుక్కునేటప్పుడు, వెనకనుంచి మడమ పట్టినారు. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. నీ మాదిరే లాక్ అయిపోయింది. అప్పుడు చూపించిన ఆస్పత్రిలో "జవ్వు చినిగింది, తీసేస్తే సరిపోతుంది" అన్నారు. ఎంత తీస్తారు, కుట్టే దారేమన్నా ఉందా అని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. మూడు వారాలకు గ్రౌండులో ఉన్నాను. ఎంత సంతోషపడినానో! నలుగురికీ అదే చెప్పుకొని తిరిగినాను. తర్వాత పదేళ్లు ఆ కాలు నన్నేమీ అడగలేదు.

ముప్పై అయిదు దాటినాక మొదలయింది. ప్రార్థనలో అరగంట నిలబడితే మోకాలి లోపలివైపు సలుపు. స్పోర్ట్స్ మీట్ రోజు సాయంత్రానికి వాపు. 2019లో ఎడమకాలు దెబ్బతిని కొత్త సర్జన్ దగ్గరకు పోయినప్పుడు పాత ఫైలు కూడా పట్టుకుపోయినాను. ఆయన డిశ్చార్జి కాగితం చదివి, "మీకు లోపలి మెనిస్కస్ దాదాపు మొత్తం తీసేసినారు, తెలుసా?" అని అడిగినారు. పదిహేనేళ్లు ఆ కాగితం నా బీరువాలోనే ఉండింది. ఇంగ్లీషులో ఒక్క పదం, దానర్థం నాకెవరూ చెప్పలేదు. ఎక్స్‌రేలో కుడి మోకాలి లోపలివైపు సందు ఎడమదాంట్లో సగం కూడా లేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయినాను. అప్పట్లో నాది కుట్టడానికి పనికొచ్చేదో కాదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అడగవలసిన మాట అడగలేదే అన్న బాధ మాత్రం నాకు ఇప్పటికీ ఉంది.

ఎడమకాలు వాలీబాల్‌లో పోయింది. బ్లాక్ చేసి కిందికి దిగేటప్పుడు. అదీ బకెట్ హ్యాండిలే. బకెట్ పిడిని ఒకవైపునుంచి ఇంకోవైపుకు తిప్పితే ఎట్ల పడుతుందో, నెలవంక పొడవునా చీలి లోపలి ముక్క మధ్యలోకి పడిపోతుంది. రెండు చివర్లూ అతుక్కునే ఉంటాయి. అందుకే కాలు చాపనీయదు.

ఎవరికి కుట్టొచ్చు, ఎవరికి కుదరదు అనేది నాకు కేసీ కెనాల్ చూసినాక అర్థమయింది. మాది ఆ ఆయకట్టే. కాలువ పక్క మడికి నీళ్లు పుష్కలం. చివరి మడికి చేరేసరికి ఉండవు. మెనిస్కస్‌కు నెత్తురు బయటి అంచునుంచే వస్తుంది. ఆ అంచు దగ్గర చినిగితే కుట్టు అతుక్కుంటుంది. లోపలి సన్నటి అంచుకు నెత్తురు అందదు, అక్కడ కుట్టినా మానదు. మీ రెండో డాక్టరు బొమ్మలు అంతసేపు చూసింది ఇదే చూడడానికి. కానీ ఎమ్మారైలో ఎంత చూసినా, లోపల కెమెరా పెట్టి కొక్కెంతో కదిపి చూసినాకే తేలుతుంది.

నాకు వెన్నులో మత్తు ఇచ్చినారు. "చూస్తారా?" అని అడిగి టీవీ నావైపు తిప్పినారు. మోకాలి చిప్పకు రెండు పక్కలా రెండు చిన్న గాట్లు, అంతే. లోపల నీళ్లు నింపి ఉబ్బిస్తారు. ఆ నీళ్లలో అంతా తెల్లగా, లేత కొబ్బరి మాదిరి ఉంది. మధ్యలో అడ్డంగా పడిన ముక్కను సన్నటి కొక్కెంతో నెట్టినారు. రెండుసార్లు జారింది. మూడోసారి ఒక్కసారిగా ఒదిగి దాని చోట్లోకి పోయింది. అప్పుడు ఆయన నా కాలు పట్టుకొని మెల్లగా చాపినారు. పదహారు దినాల తర్వాత నా కాలు బల్ల మీద నిటారుగా ఉండింది. స్పర్శ లేదు నాకు, కళ్లతో చూసినాను అంతే. నీళ్లు తిరిగినాయి.

తర్వాత ఆకురాయి లాంటి చిన్న పరికరంతో చినిగిన రెండు అంచులనూ గీకినారు. ఎందుకు సార్ అంటే, "పచ్చిగా చేస్తే నెత్తురు వస్తుంది, నెత్తురు వస్తేనే అతుక్కుంటుంది" అన్నారు. తెల్లటి నీళ్లలో ఎర్రగా పొగ మాదిరి లేచింది. కుట్లు నాలుగు పడినాయి. దబ్బనంతో గోనెసంచి మూతి కుట్టేటప్పుడు దారం లాగితే రెండు అంచులు దగ్గరికొస్తాయే, అచ్చం అంతే. ఒక్కో ముడి బిగిసేకొద్దీ ఆ సందు కనపడకుండా పోయింది.

ఇంతవరకూ డాక్టరు పని. ఆ తర్వాత ఆరు వారాలూ మన పని, అదే కష్టం. నడిచేటప్పుడూ పడుకునేటప్పుడూ బ్రేస్ నిటారుగా లాక్ చేసి ఉండాలి. చంకకర్రలు. మొదటి వారాల్లో పాదం నేలకు ఆనించడమే, బరువు వేయడం లేదు. కూర్చొని తొంభై డిగ్రీల దాకా మడవడానికి మాత్రం ఒప్పుకున్నారు. మా ఇంట్లో నేల టాయిలెట్టే. ఆపరేషన్‌కు ముందే కమోడ్ కుర్చీ కొని పెట్టుకున్నాను, నువ్వూ అది ముందే చూసుకో. ఆస్పత్రినుంచి వచ్చినాక వెతుక్కోవడం నరకం. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేయడం, ఆ కాలి మీద ఒళ్లు తిప్పడం, మూడూ బంద్.

తొడ ముందు కండ ఎంత తొందరగా కరిగిపోతుందో చెప్తే నమ్మవు. టేపు పెట్టి కొలుచుకున్నాను. ఆరో వారానికి రెండో తొడకంటే మూడు సెంటీమీటర్లు సన్నబడింది. పడుకొని మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి, మోకాలిని కిందికి నొక్కి, పది లెక్కపెట్టి వదలడం. ఇదొక్కటే మొదటి వారాల్లో. పిల్లలతో గుంజీళ్లు, పరుగులు చేయించే నాకు ఇదేం వ్యాయామం అనిపించింది. అయిదో వారం ఒక రాత్రి బాగా ఏడ్చినాను. నా భార్య టేపు తెచ్చి మళ్లీ కొలిచి, "పోయినవారం ఎంతుందో అంతే ఉంది, తగ్గలేదు కదా" అన్నది. ఆ మాటతో ఇంకో వారం గడిచింది.

నాలుగో నెల మెల్లగా పరుగు, ఏడో నెల వాలీబాల్. ఇప్పుడు అయిదేళ్లు దాటింది. ఎడమకాలు చాలా బాగుంది. మోకాలి కింద లోపలివైపు రూపాయి బిళ్లంత చోట స్పర్శ లేదు, చర్మం కింద సన్న నరం దెబ్బతింటుందంట. అదొక్కటే మిగిలింది. మీట్ అయిన సాయంత్రం నేను ఐస్ పెట్టుకునేది కుడికాలికే.

కుట్టు అందరికీ నిలుస్తుందని నేను చెప్పను. అయిదారేళ్లు గడిచేసరికి నలుగురైదుగురిలో ఒకరికి మళ్లీ చినుగుతుందని మా సర్జన్ ముందే చెప్పినారు. నాతో కబడ్డీ ఆడిన ఒకాయనకు పద్నాలుగో నెలలో పోయింది, తర్వాత తీసేయవలసి వచ్చింది. అయినా నేనేమంటానంటే, కుట్టినది పోతే తర్వాత తీసుకోవచ్చు. తీసేసినదాన్ని మళ్లీ తెచ్చి కుట్టలేరు.

సంక్రాంతి దాకా ఆగుతానన్నావు. అది మాత్రం వద్దమ్మా. నీది ఊరికే చినగడం కాదు, లాక్ అయి ఉంది. ఆ ముక్క రెండు ఎముకల మధ్య రోజూ నలుగుతుంది. నలిగేకొద్దీ ఆకారం చెడుతుంది, ఇంకా చీలుతుంది, పక్కనున్న నున్నటి గుజ్జును కూడా గీకుతుంది. ఇప్పుడు కుట్టడానికి పనికొచ్చేది పది వారాల తర్వాత పనికిరాకపోవచ్చు. ఆ కాలితో పళ్లెం మీద నిలబడడమనే ఆలోచనే పెట్టుకోవద్దు. పుత్తూరు కట్టు మా తాతలు కూడా కట్టించుకున్నారు, నాకు దాని మీద చిన్నచూపు లేదు. కానీ నీకు విరిగింది ఎముక కాదు. ఎవరైనా సరే పట్టి లాగి చాపుతామంటే ఒప్పుకోవద్దు.

ఆపరేషన్ ముందు సంతకం పెట్టే కాగితంలో నీ చేత్తో రెండు మాటలు రాయి. కుట్టడానికి వీలుంటే కుట్టండి, తీయవలసి వస్తే ఎంత తీసినారో నాకు తెలుగులో చెప్పండి అని. నేను రెండోసారి అట్లనే రాసి సంతకం పెట్టినాను.

మీ అమ్మగారికి ఒక మాట చెప్పు. పుల్లెల గోపీచంద్ మోకాలికి ఒకటికి మించి ఆపరేషన్లు అయినాకే 2001లో ఆల్ ఇంగ్లాండ్ గెలిచినాడు.

ఫిజియో_విశాఖ

మాస్టారు రాసింది చాలా ఉపయోగపడుతుంది. నేను పదమూడేళ్లుగా ఫిజియోథెరపిస్టుని. రెండు మూడు విషయాలు కలుపుతాను.

బరువు ఎప్పుడు వెయ్యాలి, ఎంత మడవాలి అన్నది చినిగిన తీరుని బట్టి మారుతుంది. మాస్టారిది పొడవునా చినిగింది. అలాంటివాళ్లకి బ్రేస్ నిటారుగా లాక్ చేసి ఉంటే కొంత బరువు వెయ్యనిస్తారు, ఎందుకంటే నిలువు బరువు ఆ రెండు అంచుల్నీ దగ్గరికే నొక్కుతుంది. అడ్డంగా చినిగినా, మెనిస్కస్ వేరు (ఎముకకి అతుక్కునే చోటు) దగ్గర ఊడినా అదే బరువు కుట్టుని లాగేస్తుంది. వాళ్లకి ఆరు వారాలు అసలు కాలు ఆనించవద్దనే చెబుతారు. కాబట్టి ఇది చదివినవాళ్లు మాస్టారి లెక్క చూసి నడిచెయ్యకండి. మీ సర్జన్ రాసిచ్చిన కాగితమే మీకు లెక్క.

ఇంకోటి, లోపలి మెనిస్కస్ వెనక భాగానికీ తొడ వెనక కండరానికీ సంబంధం ఉంది. మొదటి రెండు నెలలూ మడమని పిరుదు వైపు బలంగా లాగే వ్యాయామాలు చెయ్యకూడదు. ఎవరో వీడియోలో చూపించారని చెయ్యకండి.

అరమండి గురించి. నా దగ్గరికి వచ్చే డాన్సర్లలో ఎక్కువమందిలో నేను చూసే లోపం ఒకటే. పాదాలు పక్కకి తిప్పుతారు కానీ తుంటి దగ్గర అంత తిరగదు. ఆ తేడా అంతా మోకాలే మెలితిరిగి భరిస్తుంది. మీరు ఈ ఆరు నెలల్లో తుంటి చుట్టూ కండరాలకి పని చెబితే, తిరిగి వచ్చేటప్పుడు మోకాలిబొమ్మ పాదం వేళ్ల వైపే చూసేలా నిలబడగలరు. అరమండి సాధారణంగా వస్తుంది. మొదట సగం లోతు, తర్వాత పూర్తిగా. ముళుమండి మాత్రం అన్నింటికంటే చివర్న, అదీ మీ సర్జన్ సరేనన్నాకే. నా దగ్గరి ఒకావిడ ముళుమండి మానేసి, మిగతా అంతా చేస్తున్నారు. ఆవిడ కచేరీలు ఏమీ తగ్గలేదు.

కుట్టడం ఈమధ్య వచ్చిన పద్ధతేం కాదండీ. 1883లోనే ఎడిన్‌బరోలో థామస్ అన్నాన్‌డేల్ అనే సర్జన్ ఒక గని కార్మికుడి మోకాలు తెరిచి మెనిస్కస్ కుట్టాడు. ఆ తర్వాత దశాబ్దాలపాటు దాన్నో పనికిరాని ముక్కలా చూసి మొత్తం తీసేసేవారు. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అలా తీసేసిన మోకాళ్ల ఎక్స్‌రేలు చూసి, సందు తగ్గడం, ఎముక అంచు పెరగడం రాసి పెట్టాడు. మాస్టారి కుడి మోకాలి ఎక్స్‌రే అదే చెబుతోంది.

ఆపరేషన్ తర్వాత పిక్క వాచి గట్టిపడి నొప్పి పెట్టినా, జ్వరం వచ్చినా, గాటు దగ్గర చీము లాంటిది కారినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెళ్లండి. ఊపిరి అందకపోతే నేరుగా ఎమర్జెన్సీకే. ఇంట్లో సిగరెట్టు కాల్చేవాళ్లు చదువుతుంటే ఒక మాట: పొగ తాగేవాళ్లకి కుట్టు మానడం కష్టం.

ఖమ్మం_టు_డాలస్

ఫిజియో మేడం, మా అమ్మకి 59. ఖమ్మంలో ఉంటుంది. దెబ్బేం తగల్లేదు, ఎమ్మారైలో మాత్రం మెనిస్కస్ టేర్ అని వచ్చింది. కాలు లాక్ అవ్వదు, మెట్లెక్కితే నొప్పి అంతే. తనకీ ఆపరేషన్ చేయించాలా? ఇక్కడినుంచి ఏమీ తోచట్లేదు.

ఫిజియో_విశాఖ

ఆవిడది వేరే సంగతండీ. ఆ వయసులో దెబ్బ లేకుండా కనిపించేది చాలావరకు అరుగుదలతో వచ్చిన చిరుగు. 2013లో ఫిన్లాండ్ డాక్టర్లు 35 నుంచి 65 ఏళ్లవాళ్లు 146 మంది మీద ఒక పరిశోధన చేశారు. అందరిదీ అరుగుదల చిరుగే, ఆర్థరైటిస్ లేదు. సగంమందికి ముక్క నిజంగా కత్తిరించారు, సగంమందికి కెమెరా పెట్టి చూసి, కత్తిరించినట్టు చేసి వదిలేశారు. ఏడాది తర్వాత రెండు గుంపులకీ నొప్పిలో తేడా లేదు. ముందు మూడు నెలలు తొడ కండరాల వ్యాయామం, బరువు ఉంటే తగ్గడం. కాలు లాక్ అవ్వడం మొదలైతే అప్పుడు సర్జన్ దగ్గరికి. ఈ పోస్టు చూపించి అమ్మగారిని ఆపరేషన్‌కి మాత్రం పంపకండి.

అరమండి_29, విజయవాడ

మాస్టారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. కాలు చాపి చూపించారన్న చోట అమ్మ ఆపి మళ్లీ చదవమంది. రెండో డాక్టరు దగ్గరే చేయించుకోవడానికి ఒప్పుకుంది. వచ్చే బుధవారం ఆపరేషన్. కమోడ్ కుర్చీ తెచ్చాం. సంతకం పెట్టేటప్పుడు రాయాల్సిన రెండు మాటలు ఫోనులో రాసి పెట్టుకున్నాను.

గజ్జెపూజ ఆపట్లేదు. పిల్లలు చేస్తారు, తరంగం తీసేశాం.

అరమండి_29, విజయవాడ

సంక్రాంతి వెళ్లింది, ఇప్పుడు రాయడానికి కుదిరింది.

ఐదు కుట్లు పడ్డాయి. లోపలి అంచున చిన్న పోగు ఒకటి నలిగిపోయి ఉందట, అంతవరకే తీశారు, మిగతాదంతా కుట్టారు. ఎంత తీశారో డాక్టరుగారే బొమ్మ గీసి చూపించారు. మేల్కొన్నాక మొదట చేసిన పని మోకాలి కింద చెయ్యి పెట్టి చూసుకోవడం. చెయ్యి దూరలేదు.

గజ్జెపూజ నాటికి తొమ్మిదో వారం. బ్రేస్ తీసేశారు, ఒక కర్ర ఉంది. నేల మీద కూర్చోకూడదు కాబట్టి స్టేజి పక్కన ఎత్తు కుర్చీ వేయించుకుని, కాలు చాపి స్టూలు మీద పెట్టుకుని నట్టువాంగం చేశాను. ఎప్పుడూ పాదంతో తాళం వేసే అలవాటు. కుడి పాదం కదలకుండా తాళాలు పట్టుకోవడం మొదటి జతిలో చాలా కష్టమైంది. ఏడుగురూ తప్పు లేకుండా చేశారు. చిన్నది, తొమ్మిదేళ్ల పాప, నమస్కారం పెట్టడానికి వచ్చి నా కాలి దగ్గర ఆగి, "ఇటు పెట్టొచ్చా టీచర్?" అని ఎడమ పాదం మీద చెయ్యి పెట్టింది.

ఇప్పుడు 115 డిగ్రీలు మడుస్తున్నాను. తొడ రెండున్నర సెంటీమీటర్లు తక్కువ ఉంది, ప్రతి ఆదివారం అమ్మే కొలుస్తోంది. ఒక సందేహం. మెట్లు దిగేటప్పుడు మోకాల్లో టిక్కుమంటోంది. నొప్పి లేదు, వాపు లేదు, లాక్ అవ్వట్లేదు. ఇది మామూలేనా?

పీఈటీ_మాస్టర్, నంద్యాల

నొప్పి, వాపు లేని టిక్కు నాకూ ఏడెనిమిది నెలలు ఉండింది తల్లీ, తర్వాత దానంతటదే పోయింది. అయినా ఈసారి చూపించుకునేటప్పుడు డాక్టరుగారి ముందు మెట్టు దిగి చూపించు. మెట్లు దిగేటప్పుడు ఇంకో నెల రెయిలింగు పట్టుకో. తొడ కొలత రాస్తూ ఉండు ఇక్కడ.